ఫోన్‌పే కొట్టే చేతికి పగ్గం: అవ్వకొకటి, నాయనకొకటి, పిల్లోడికొకటి

తిరుపతిలో ఇప్పుడు జేబులో ఒక్క నోటు లేకుండా పొద్దున్నుంచి రాత్రి దాకా గడిచిపోతుంది. లీలామహల్ సర్కిల్ దగ్గర టీ బండి, ఇందిరా ప్రియదర్శిని మార్కెట్లో కరివేపాకు, అలిపిరి కాడ కొబ్బరిబోండాం, యాడ చూసినా స్కానర్ అట్ట వేలాడతా ఉంటుంది, పక్కన డబ్బా పదిహేను రూపాయలు వచ్చాయని అరుస్తా ఉంటుంది. సుఖమే, కాదనేదేం లేదు. కాకపోతే ఇరవయ్యో తారీఖు దాటినాక ప్రతి ఇంట్లో అదే మాట, ఏం కొన్నామని ఇంత అయిపోయింది అని. పెళ్ళాం మొగుణ్ణి అడుగుతుంది, మొగుడు కొడుకుని అడుగుతాడు, కొడుకు ఫోన్ తిప్పి చూపిస్తాడు, అందులో అన్నీ ఇరవైలూ నలభైలే, తిట్టడానికి ఒక్క పెద్ద ఖర్చు కూడా దొరకదు.

ఫోన్ మానేసి మళ్ళీ నోట్లకి పొండి అని నేను చెప్పబోవడం లేదు, అది జరిగే పని కాదు. కానీ ఒకే ఇంట్లో అవ్వకి దుడ్లు పోయే దారి వేరు, నడివయసోళ్ళకి వేరు, కాలేజీ పిల్లోడికి ఇంకా వేరు, అందుకే అందరికీ ఒకటే సలహా ఇస్తే ఎవరికీ పనికిరాదు. ఎవరికి ఏ సెట్టింగ్ పెట్టాలి, ఎక్కడ నోటు మేలు, ఎక్కడ ఫోన్ మేలు, అది చెప్తా.

నోటు పోతే తెలుస్తుంది, ఫోన్‌తో పోతే తెలీదు, ఎందుకు

ఐదొందల నోటు మార్చాలంటే మనసు ఒప్పదు కదా. జేబులో అదొక్కటే ఉంటే బజ్జీల బండి ముందర నిలబడి కూడా, ఎందుకులే, మారిస్తే ఇంక నిలవదు అని వచ్చేస్తాం. ఫోన్లో మార్చాల్సిన నోటే లేదు, ఇరవై రూపాయలకీ రెండు వేలకీ వేలు చేసే పని ఒకటే. దీని మీద అమెరికాలో ఎంఐటీ అనే యూనివర్సిటీలో డ్రేజెన్ ప్రెలెక్, డంకన్ సిమెస్టర్ అని ఇద్దరు ప్రొఫెసర్లు ఒక పరీక్ష చేసి 2001లో అచ్చేశారు. ఎంబీఏ స్టూడెంట్ల మధ్య బాస్కెట్‌బాల్ మ్యాచ్ టికెట్లు వేలం పెట్టారు, కొంతమందికి క్యాష్ కట్టాలని చెప్పారు, కొంతమందికి క్రెడిట్ కార్డుతో కట్టాలని చెప్పారు. అదే టికెట్‌కి కార్డు వాళ్ళు క్యాష్ వాళ్ళకంటే రెట్టింపు దాకా పాడారు, అదీ బిజినెస్ చదివే పిల్లలు. అది అప్పు కార్డు, మన యూపీఐ అయితే అప్పటికప్పుడు ఖాతాలోంచి పోయే సొంత డబ్బు, కాబట్టి రెండూ ఒకటే అని నేను అనను, కానీ చేతికి బరువు తెలియకపోవడం మాత్రం రెంటిలోనూ ఉంది.

అట్లని మన పెద్దోళ్ళు క్యాష్ వల్లే పొదుపుగా బతికారు అనుకుంటే అదీ పూర్తి నిజం కాదబ్బా. పల్లెల్లో అంగట్లో అప్పు పుస్తకం ఉండేది. చేతిలో పైసా లేకుండానే చక్కెర, నూనె, బీడీకట్ట అన్నీ రాసుకోమని తెచ్చుకొని, బెంగుళూర మామిడికాయ ఫ్యాక్టరీకి తోలినాక ఆ డబ్బుల్తో తీర్చేవాళ్ళు. అదీ క్యాష్‌లెస్సే. కాకపోతే అక్కడ మధ్యలో అంగడాయన ఉండేవాడు, "ఏం నాయనా, పోయిన నెలదే ఇంకా ఉండాది కదా" అని ఒక్క మాట అనేవాడు, ఆ మాట పడలేక అరకేజీ అడగాల్సింది పావుకేజీ అడిగేవాళ్ళు. ఫోన్లో ఆ మనిషి లేడు, పైగా కొన్నందుకు స్క్రాచ్ కార్డ్ ఒకటి చేతిలో పెడుతుంది. కింద చెప్పేవన్నీ ఏదో ఒక రకంగా ఆ అంగడాయనని తెచ్చి మళ్ళీ మధ్యలో కూర్చోబెట్టే పనులే.

మొదట స్టేట్‌మెంట్ ముందరేసుకోండి

యాప్‌లో హిస్టరీ చూసి ఊరుకోవద్దు, ఎందుకంటే ఒక్కొక్కరి ఫోన్లో రెండు మూడు యాప్‌లు ఉంటాయి, దాంట్లో కొంత దీంట్లో కొంత. బ్యాంకు స్టేట్‌మెంటే ఒక నెలది డౌన్‌లోడ్ చేసి, జెరాక్స్ అంగట్లో ప్రింట్ తీయించండి. స్క్రీన్ మీద చూస్తే జరిపేస్తాం, కాగితం మీద అయితే కన్ను ఆగుతుంది. పెన్ను తీసుకొని మూడే గుర్తులు పెట్టండి. క్యాష్ ఉన్నా కొనేవాణ్ణే అనుకుంటే టిక్కు. ఫోన్ ఉంది కాబట్టే కొన్నాను అనుకుంటే సున్నా. ఇది ఏందో గుర్తే రావడం లేదు అంటే ప్రశ్న గుర్తు. ఈ మూడోది మీరు అనుకున్నదానికంటే ఎక్కువ వస్తుంది, దానికి ఇంకో కారణం కూడా ఉంది, చిన్న అంగళ్ళలో స్కాన్ చేస్తే టీ స్టాల్ పేరు పడదు, ఆ అంగడాయన కొడుకు పేరో బామ్మర్ది పేరో పడుతుంది, ఎవరబ్బా ఈ మనిషి, ఇతనికి మనం నలభై రూపాయలు ఎందుకిచ్చాం అని తల గోక్కోవాల్సిందే.

ఉదాహరణకి బాలాజీ కాలనీలో రూమ్ తీసుకొని చదువుకునే పిల్లోడి ఒక మంగళవారం ఎట్ల ఉంటుందో చూద్దాం. పొద్దున ఇడ్లీ 40, షేర్ ఆటో 20, జెరాక్స్ 6, టీ 12, టీతో పాటు సమోసా 15, మధ్యాహ్నం మెస్‌కి ముందే కట్టేసి ఉన్నా పోకుండా ఫ్రెండ్స్‌తో బిర్యానీలో వాటా 130, సాయంత్రం ఇంకో టీ 12, రోడ్డు మీద కనపడిన ఫోన్ కవర్ 149, రాత్రి పదకొండు గంటలకి ఐస్‌క్రీమ్ డెలివరీతో కలిపి 118. మొత్తం 502. ఇందులో ఇడ్లీ, ఆటో, జెరాక్స్, ఒక టీ కలిపి 78 రూపాయలు, ఇవి ఎట్లయినా అయ్యే ఖర్చు. బిర్యానీ, కవర్, ఐస్‌క్రీమ్ మూడే 397. మనం మామూలుగా తిట్టేది టీలని, సమోసాల్ని, చూస్తే మిగిలిన ఆ రెండో టీ, సమోసా కలిపి 27 రూపాయలే. అంటే చిన్న ఖర్చులు కొంప ముంచుతున్నాయి అనే మాట సగమే నిజం, నూరు నుంచి నూటయాభై మధ్యలో ఉండే ఖర్చులున్నాయి చూడండి, పెద్దవి అనిపించవు కాబట్టి ఆలోచించం, చిన్నవి కావు కాబట్టి మూడైతే నాలుగొందలు. నోట్ల కాలంలో అయితే ఇవి ఒక్కోటి వంద నోటు మార్పించేవి, ఇప్పుడు మార్పించేదేం లేదు. మీ స్టేట్‌మెంట్లో కూడా మొదట నూరు దాటిన సున్నాల కోసమే వెతకండి, టీల జోలికి తర్వాత పోవచ్చు.

ఒక హెచ్చరిక, ఈ పని ఇంట్లో అందరూ కలిసి చేసేటప్పుడు ఎవరి స్టేట్‌మెంట్ మీద వాళ్ళే గుర్తులు పెట్టుకోవాలి. నాయన కొడుకు కాగితం లాక్కొని సున్నాలు చుట్టడం మొదలుపెడితే అది గొడవకి పోతుంది, వచ్చే నెల ఆ కాగితం మీకు కనపడదు.

రెండు ఖాతాలు: ఇది ఒక్కటి చేసినా చాలు

మిగిలిందంతా చదవకపోయినా ఇది చేయండి. జీతమో పాల బిల్లో అద్దెలో వచ్చి పడే ఖాతా ఒకటి ఉంటుంది కదా, దాన్ని యూపీఐ యాప్‌లన్నిట్లోంచి తీసేయండి. తీసేయడం అంటే ఖాతా మూసేయడం కాదు, యాప్‌లో బ్యాంక్ అకౌంట్స్‌లోకి పోయి ఆ ఖాతాని రిమూవ్ చేయడం, అంతే. ఇంకో బ్యాంకులో, లేకపోతే అదే బ్యాంకులో రెండో ఖాతా ఒకటి తెరిచి దాన్ని మాత్రమే యూపీఐకి కలపండి. ప్రతి సోమవారం మొదటి ఖాతాలోంచి రెండోదానికి ఆ వారం ఖర్చు పంపుకోండి. ఆ వారం అంతా టీ, కూరగాయలు, పెట్రోలు, బజ్జీలు అన్నీ ఆ రెండో దాంట్లోంచే.

నెలకొకసారి ఎందుకు కాదు, వారానికే ఎందుకు అంటే, నెలది ఒకేసారి వేస్తే ఒకటో తారీఖు నుంచి పది దాకా మనం మారాజులం, ఆ తర్వాత సంగతి మీకు తెలిసిందే. వారం అయితే శుక్రవారం ఖాళీ అయినా రెండు రోజులు ఓర్చుకుంటే సోమవారం వస్తుంది, ఎవరైనా ఓర్చుకోగలరు. ఎంత వేయాలి అంటే, ముందు నెల ఖర్చులో కదలనివి తీసేయండి: ఇంటి బాడుగ, కరెంట్ బిల్లు, గ్యాసు, స్కూల్ ఫీజు, చీటీ, ఈఎంఐ. మిగిలినదాన్ని నాలుగుతో కాకుండా ఐదుతో భాగించండి, ఆ ఐదో భాగం నెలాఖర్లో వచ్చే రెండు మూడు రోజులకీ, అనుకోకుండా వచ్చేవాటికీ.

ఇంట్లో పెద్దోళ్ళకి ఇది చెప్పడం చాలా సులువు, ఎందుకంటే కొండకి మొక్కుకొని పసుపు గుడ్డలో ముడుపు కట్టి దేవుడి పటం ముందర పెట్టిన డబ్బుని ఇంట్లో ఎంత ఇబ్బంది వచ్చినా విప్పరు వాళ్ళు. మొదటి ఖాతా ముడుపు అని చెప్తే చాలు, వడ్డీ లెక్కలు వివరించే పనే లేదు.

ఇక వారం మధ్యలో అయిపోతే? అప్పుడు ముడుపు ఖాతాలోంచి వేసుకోవచ్చు, కానీ అది వేసే మనిషి మీరు కాకూడదు. ఖాతా ఇద్దరి పేరు మీద ఉంటే ఆ రెండో మనిషి వేయాలి, లేకపోతే కనీసం వాళ్ళకి చెప్పి, వాళ్ళ ముందర కూర్చొని వేయాలి. "ఇంకో ఐదొందలు వెయ్యి" అని నోరు తెరిచి అడగాల్సి రావడమే ఇక్కడ మందు, సగంసార్లు అడగబుద్ధి కాక ఊరుకుంటాం.

ఇంకొకటి, కొన్ని బ్యాంకుల సొంత యాప్‌లో యూపీఐకి రోజు పరిమితి మనమే తగ్గించుకోవచ్చు, మామూలుగా లక్ష దాకా ఉంటుంది, మనకి లక్ష ఏం పనండీ, మీ బ్యాంకులో ఆ సదుపాయం ఉంటే రెండు వేలకి దించేయండి. డబ్బు ఎక్కువ పోకుండా ఉండటానికే కాదు, ఫోన్ ఎవరి చేతిలోనో పడితే కూడా పనికొస్తుంది.

యూపీఐ లైట్, ఆటోపే: పిన్ అడగనివి

పిన్ కొట్టడం ఎంత చిన్న పనైనా అది ఒక క్షణం ఆపుతుంది. ఆ క్షణం కూడా లేనివి రెండున్నాయి. ఒకటి యూపీఐ లైట్, అంటే ఖాతాలోంచి కొంత డబ్బు ముందే తీసి యాప్‌లో విడిగా వేసి పెట్టుకునేది. ఇప్పుడు అందులో ఒకసారికి వెయ్యి దాకా పిన్ లేకుండా కట్టొచ్చు, మొత్తం ఐదు వేల దాకా వేసి పెట్టుకోవచ్చు. బ్యాంకు పాసుబుక్కులో ఆ చిన్న చిన్న కట్టడాలు ఒక్కొక్కటి పడవు, లైట్‌లోకి ఎంత వేశారో అదొక్క లైనే పడుతుంది, కాబట్టి పైన చెప్పిన స్టేట్‌మెంట్ పని చేసేటప్పుడు లైట్ ఖర్చులు యాప్‌లో విడిగా చూడాలి. నేను లైట్ వద్దనను. వారానికి ఐదొందలు మాత్రం దాంట్లో వేసి, టీలూ ఆటోలూ అన్నీ దాంట్లోంచే కట్టేస్తే అది చిల్లర సంచీలాగా చక్కగా పనిచేస్తుంది. కానీ ఆటో టాపప్ అని ఒక బటన్ ఉంటుంది, అయిపోగానే తనంతట తానే నింపుకునేది, దాన్ని మాత్రం ఆఫ్ చేసి పెట్టండి. అది ఆన్‌లో ఉంటే మీరు పెట్టుకున్న ఐదొందలకి అర్థమే లేదు.

రెండోది ఆటోపే. పాటల యాప్, సినిమాల యాప్, ఒక్క రూపాయికి నెల ట్రయల్ అని ఒప్పుకున్న ఏదో ఇంగ్లీష్ నేర్పే యాప్, ఇవన్నీ ఒకసారి పిన్ కొట్టించుకుంటాయి, ఆ తర్వాత 15,000 దాకా నెల నెలా మళ్ళీ పిన్ అడక్కుండా లాగేసుకుంటాయి. రిజర్వ్ బ్యాంక్ రూల్ ప్రకారం తీసుకునే ముందు 24 గంటల ముందరే మెసేజ్ రావాలి, వస్తుంది కూడా, కానీ ఆఫర్ల మెసేజ్‌ల మధ్యలో అది ఎవరు చదువుతారు. యాప్‌లో ఆటోపే అనో మాండేట్లు అనో ఉంటుంది, ఇప్పుడే ఒకసారి తెరిచి చూడండి, తెలియనివి క్యాన్సిల్ కొట్టండి. ఇన్సూరెన్స్ ప్రీమియం, ఈఎంఐ లాంటివి మాత్రం ఏదో ఏందో చదివి చూసుకొని ముట్టుకోండి, ఊపులో అన్నీ క్యాన్సిల్ చేస్తే పాలసీ ఆగిపోతుంది.

కాలేజీ పిల్లలకి

యూపీఐ వచ్చింది 2016లో. ఇప్పుడు డిగ్రీలో ఉన్న పిల్లలకి అప్పుడు ఎనిమిదో తొమ్మిదో ఏళ్ళు. వాళ్ళు నోట్లు లెక్కపెట్టి అంగడికి పోయి చిల్లర తెచ్చి అమ్మ చేతిలో పెట్టిన రోజులు చాలా తక్కువ. వాళ్ళకి అదుపు లేదు అని మనం తిడతాం గానీ, అదుపు నేర్పే పని మనకి నోట్లు చేసినాయి, వాళ్ళకి ఎవరూ చేయలేదు.

ఊర్లో ఉండి కొడుక్కి డబ్బులు పంపేవాళ్ళు నెలకి ఎనిమిది వేలు ఒకేసారి కొట్టేసి, తర్వాత పదిహేనో తారీఖున "నాయనా, వెయ్యి రూపాయలు కొట్టు" అని ఫోన్ వస్తే అరవడం మామూలు. మెస్ బిల్లు, రూమ్ బాడుగ మీరే నేరుగా కట్టేయండి, మిగిలింది వారానికొకసారి పంపండి. ఇంకో దారి యూపీఐ సర్కిల్, భీమ్ లాంటి యాప్‌లలో ఉంటుంది. మీ ఖాతా మీదే మీ పిల్లోడు తన ఫోన్‌తో కట్టుకోవచ్చు, నెలకి 15,000 లోపల మీరే పరిమితి పెట్టొచ్చు, ఒక్కోసారికి 5,000 దాటదు. అందులోనే ఇంకో రకం ఉంది, పిల్లోడు స్కాన్ చేస్తే మీ ఫోన్‌కి వచ్చి మీరు పిన్ కొడితేనే పోతుంది. నా మాట వింటే ఈ రెండో రకం కాలేజీ పిల్లలకి పెట్టొద్దు. నాయన చేల్లో నీళ్ళు కడతా ఉంటాడు, పిల్లోడు క్యాంటీన్లో క్యూలో నిలబడి ఫోన్ చేసి "నాయనా పిన్ కొట్టు, పిన్ కొట్టు" అంటా ఉంటాడు, పది రోజులకి ఇద్దరికీ విసుగొచ్చి, పిల్లోడు ఫ్రెండ్ ఫోన్‌తో కట్టించి వాడికి క్యాష్ ఇవ్వడం మొదలుపెడతాడు. నెల పరిమితి పెట్టండి, లోపల ఏం కొన్నాడని టీ టీకీ అడగొద్దు. తప్పు కొనుగోళ్ళు చేసే హక్కు కూడా కొంచెం ఇవ్వాలి, లేకపోతే ఎప్పుడు నేర్చుకుంటాడు.

పిల్లలు వాళ్ళంతట వాళ్ళు చూసుకోవాల్సింది ఒకటుంది. గ్యాంగ్‌లో ఒకడు ఎప్పుడూ "నేను కొడతాలే, తర్వాత ఇవ్వండి" అని ముందరికి పోతాడు, ఆ తర్వాత అనేది రాదు, వాడే నెలాఖర్లో అప్పు అడుగుతాడు. బిల్లు కట్టిన రాత్రే, పడుకోబోయే ముందే, ఎవరి వాటా ఎంత అని గ్రూప్‌లో పెట్టేయండి, మొహమాటం పడొద్దు.

రూపే క్రెడిట్ కార్డుని యూపీఐకి కలిపి టీ అంగట్లో కూడా స్కాన్ చేసుకోవచ్చు ఇప్పుడు, 2022 నుంచి ఉంది అది. ఉద్యోగం వచ్చి రెండు మూడేళ్ళు నెల నెలా బిల్లు పూర్తిగా కట్టే అలవాటున్నోళ్ళకి పర్వాలేదు. కొత్తగా జీతం చూస్తున్న పిల్లలకి మాత్రం వద్దే వద్దు, పేలేటర్ అని ఇప్పుడు కొని తర్వాత కట్టేవి ఉంటాయి చూడండి, అవీ అంతే. ఇక డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని 2025 ఆగస్టులో చట్టం తెచ్చి నిషేధించారు, ఇంకా ఎవడైనా లింక్ పంపి బోనస్ అంటుంటే వాణ్ణి బ్లాక్ చేయండి.

ఇంకా చిన్న పిల్లలు, ఐదో ఆరో తరగతి దాకా, వాళ్ళకి నోట్లే, చిల్లరే ఇవ్వండి. పదేళ్ళు దాటినోళ్ళు సొంతంగా ఖాతా తెరుచుకోవచ్చు అని రిజర్వ్ బ్యాంక్ 2025లో చెప్పింది, తెరిపించండి, దాచుకోవడానికి. ఖర్చుకి మాత్రం చేతిలో ఇరవై రూపాయల నోటు పెట్టి పంపితే, ఐదు రూపాయల చాక్లెట్ కొంటే పదిహేను మిగిలాయి అనేది కంటికి కనపడాలి.

నడివయసు వాళ్ళకి, ముఖ్యంగా తిరుపతిలో ఉండేవాళ్ళకి

మన ఊర్లో ఇంకెక్కడా లేని ఖర్చు ఒకటుంది, చుట్టాలు. దర్శనానికి ఏడాది పొడుగునా ఎవరో ఒకరు వస్తానే ఉంటారు. స్టేషన్ నుంచి ఆటో, టిఫిన్లు, తిరుచానూరు, శ్రీనివాస మంగాపురం, కాణిపాకం తిప్పడానికి కారు, వాళ్ళకి ఇంకో నాలుగు లడ్డూలు, అన్నీ మన ఫోన్‌తోనే, "బావా నువ్వు కొట్టెయ్, నేను తర్వాత నీకు ఫోన్‌పే చేస్తాలే" అని బావ అంటాడు, రైలెక్కినాక బావకి సిగ్నల్ ఉండదు. నోట్ల కాలంలో చుట్టం మన చేతిలోంచి నోటు పోవడం చూసేవాడు, తన జేబులోంచి కూడా తీసేవాడు, ఇప్పుడు ఇద్దరికీ కనపడదు. దీనికి మందు, చుట్టాల కోసం నెలకి ఇంత అని ఆ ఐదో భాగంలోంచి విడిగా తీసి కవర్లో క్యాష్ పెట్టుకోండి, వాళ్ళు వచ్చినప్పుడు ఆ నోట్లతోనే ఖర్చుపెట్టండి. కవర్ ఖాళీ అయితే మీకూ తెలుస్తుంది, వాళ్ళకీ తెలుస్తుంది. ఎట్లాగూ శ్రీవారి దర్శనం క్యూలోకి ఫోన్ తీసుకుపోనివ్వరు కాబట్టి హుండీకి నోట్లు చేతిలో పెట్టుకోవాల్సిందే.

గంగమ్మ జాతర, పెళ్ళిళ్ళు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. పెళ్ళిలో చదివింపులకి ఇంట్లోంచే కవర్లో 516 పెట్టి తీసుకుపోతే 516తోనే అయిపోతుంది. అక్కడ టేబుల్ మీద స్కానర్ పెట్టి ఉంటే, పక్కాయన 1116 కొట్టింది చూసి మన వేలు కూడా అక్కడే పడుతుంది. జాతరకి పిల్లల్తో పోయేటప్పుడు కూడా నోట్లు తీసుకొని, ఫోన్ బ్యాగులో పెట్టండి, ఫోటోలకి తప్ప తీయొద్దు.

ఆడవాళ్ళ సంగతి ఒకటి చెప్పాలి, దీని గురించి ఎవరూ మాట్లాడరు. మన అమ్మలు పోపుల డబ్బాలోనో బియ్యం డ్రమ్ములోనో మొగుడికి తెలియకుండా నాలుగు రూపాయలు దాచేవాళ్ళు, పిల్లోడి పరీక్ష ఫీజుకీ, ఎవరికైనా జ్వరమొస్తే ఆస్పత్రికీ అదే బయటికొచ్చేది. 2016 నవంబర్ 8 రాత్రి పెద్ద నోట్లు రద్దు అన్నప్పుడు ఆ డబ్బాలన్నీ బయటపడినాయి. ఇప్పుడు ఇంటి ఖర్చు అంతా మొగుడి ఫోన్లోంచే పోతుంది, ప్రతి పది రూపాయలకీ ఆయనకి మెసేజ్, ఆమె మిగిలించడానికి చిల్లరే రాదు. ఖర్చు అదుపు పేరుతో ఒకరి మీద ఒకరు పోలీసు పని చేయడం కాదు నేను చెప్పేది. ఇంటావిడకి సొంత ఖాతా, సొంత ఫోన్ నంబర్‌కి మెసేజ్‌లు, వారం ఖర్చు ఆమె ఖాతాలోకి, మిగిలితే ఆమెది. పొదుపు సంఘంలో ఉన్నోళ్ళకి ఖాతా ఎట్లాగూ ఉంటుంది, ఆ పాసుబుక్కు మొగుడి బీరువాలో కాకుండా ఆమె దగ్గర ఉంటే చాలు.

అవ్వకి, తాతకి

వీళ్ళకి దుబారా సమస్య కానే కాదు. వీళ్ళ సమస్య భయం, ఇంకొకరి మీద ఆధారపడటం. ఒకటో తారీఖు సచివాలయం వాళ్ళు ఇంటికొచ్చి పింఛన్ నాలుగు వేలు చేతిలో పెడతారు, అవ్వ వాటిని లెక్కపెట్టి వక్కాకు సంచిలో కొంత, పెట్టెలో కొంత పెట్టుకుంటుంది, ఏ రోజు ఎంత ఉందో పైసల్తో సహా చెప్తుంది. ఆమెకి ఫోన్‌పే నేర్పాలని పట్టుబట్టొద్దు. మనవడు "అవ్వా ఆ నోట్లు నాకియ్యి, నీకు కావాల్సినవి నేను ఫోన్‌తో కొడతా" అంటే మాత్రం ఆపండి, రెండు నెలలు పోతే ఎవరి లెక్క ఎవరికీ తెలియదు, అడిగితే "నమ్మకం లేదా" అని గొడవ.

పాల బిల్లు ఖాతాలో పడే తాతకి మాత్రం కొంచెం నేర్పాల్సిందే. స్మార్ట్‌ఫోన్ వద్దంటే బటన్ ఫోన్‌తో కూడా యూపీఐ 123పే అని ఉంది, 10,000 దాకా పంపొచ్చు. ఇక్కడ కూడా రెండు ఖాతాల పద్ధతే, పాల డబ్బు పడే ఖాతాని ఫోన్‌కి కలపకుండా, రెండు మూడు వేలుండే చిన్న ఖాతాని కలపండి, మోసపోయినా అంతకు మించి పోదు. సర్కిల్‌లో ఆ రెండో రకం ఉంది చూడండి, మీరు పిన్ కొడితే పోయేది, అది పిల్లలకి వద్దన్నాను గానీ తాతలకి బాగుంటుంది, రోజుకి ఒకటో రెండో కట్టడాలే కాబట్టి విసుగు రాదు.

తాతకి కూర్చోబెట్టి చెప్పాల్సింది ఒకటే, డబ్బు మనకి రావాలంటే పిన్ అక్కర్లేదు, స్కాన్ అక్కర్లేదు. "మీకు రీఫండ్ పంపుతున్నా, పిన్ కొట్టండి" అన్నాడంటే వాడు దొంగ. మనిషికి మనిషి డబ్బు అడుగుతా పంపే రిక్వెస్ట్‌లని 2025 అక్టోబర్ నుంచి ఆపేశారు, అయినా ఫోన్ చేసి మాటల్తో బుట్టలో వేసేవాళ్ళు ఉండనే ఉన్నారు. పోయిందని తెలిసిన నిమిషమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, రేపు బ్యాంకుకి పోదాం అనుకుంటే లాభం లేదు. ఈ నంబర్ గోడ మీద క్యాలెండర్ పక్కన పెద్ద అక్షరాల్తో రాసి పెట్టండి. ఊర్లో వేలిముద్ర పెట్టి డబ్బు తీసుకునే పాయింట్ దగ్గర ప్రతిసారీ రసీదు అడిగి తీసుకోమనండి, నెలకొకసారి పాసుబుక్కు ప్రింట్ వేయించండి.

ఫోనే మేలైన చోట్లు

బాడుగ, చీటీ, చేబదులు, వీటికి నోట్లు వద్దు, ఫోన్‌తోనే. చీటీ కట్టలేదని రేపు ఎవరైనా అంటే చూపించడానికి ఆధారం ఉంటుంది. చేబదులు ఇచ్చేటప్పుడు కింద రాసే చోట "అప్పు, సంక్రాంతికి తిరిగి" అని రాసి పంపండి, రాయడానికి మొహమాటం అనిపిస్తే ఆ అప్పు ఇవ్వాలా వద్దా అని ఇంకోసారి ఆలోచించుకోండి. ఆస్పత్రి, మందులు, ఎరువులు, ఇవన్నీ కూడా ఫోన్‌తోనే, తర్వాత లెక్క చూసుకోవడానికి. మార్కెట్లో కూరగాయలకి నోట్లు తీసుకుపోండి, సంచిలో రెండొందలు పెట్టుకొని పోతే రెండొందల లోపలే బేరం ఆడతాం.

ఆదివారం కాసేపు

వారానికొకసారి, ఆదివారం మధ్యాహ్నం భోజనాలయినాక, ఆ వారం రెండో ఖాతాలోంచి పోయినవి ఒకరు పైకి చదవాలి, మిగతావాళ్ళు వినాలి. వ్యాఖ్యానం లేదు, తిట్లు లేవు, పేరు, రూపాయలు, అంతే. మన నోటితో మనమే "ఐస్‌క్రీమ్ నూట పద్దెనిమిది" అని అవ్వ ముందర చదవాల్సి వస్తే అదే సరిపోతుంది, అవ్వ ఏమీ అనాల్సిన పనే లేదు, నూట పద్దెనిమిదా అని ఒకసారి మొహం వంక చూస్తే చాలు. ఇంట్లో ఒంటరిగా ఉండేవాళ్ళు ఫ్రెండ్‌కి వాయిస్ మెసేజ్ పెట్టొచ్చు, వాళ్ళది వీళ్ళకి, వీళ్ళది వాళ్ళకి.

వారం డబ్బు వరసగా రెండు మూడు వారాలు గురువారానికే అయిపోతుంటే మీకు అదుపు లేదని కాదు, లెక్క తక్కువ వేసుకున్నారని, రెండొందలు పెంచి చూడండి. ఆదివారానికి మిగిలితే ఆ మిగిలింది మళ్ళీ ముడుపు ఖాతాకి పంపొద్దు, వచ్చే వారానికి అట్లే వదిలేయండి, వరసగా మిగులుతా వస్తే ఒక ఆదివారం అందరూ కలిసి సినిమాకో హోటల్‌కో పోండి, దానికి మాత్రం ఎవరి ఫోన్‌తో కొట్టాలి అని గొడవ పడకుండా ముందే అనుకోండి.